గేటు గేటుకీ ఆగే బండి

గార్డు మావ పోయాడని వాళ్ళ పెద్దమ్మాయి ఫోను చేసి అయిదు రోజులైంది. పరామర్శకి బయల్దేరాను. బస్సెక్కితే గంటలో దిగిపోవచ్చు. మా అబ్బాయి కారిచ్చి పంపిస్తానన్నాడు కూడా. వద్దని ఈ బండే ఎక్కాను. ఈ లైను మొహం చూసి ఏళ్ళూ పూళ్ళూ అయిపోయింది.

బండి గబగబా పోతోంది. అదే నాకు మింగుడుపడటం లేదు. పైన కరెంటు తీగలు, పక్కన సిమెంటు దిమ్మలు, రోడ్డు అడ్డమొచ్చిన ప్రతిచోటా పట్టాల కింద నుంచి ఒక సొరంగం దారి. వానపడితే ఆ దారులన్నీ నిండిపోయి ఆటోలు మునుగుతున్నాయని నా పక్కన కూర్చున్నావిడ తిట్టిపోస్తోంది. "గేట్లుండీటప్పుడే నయమమ్మా. కాసేపు ఆగితే ఎలిపోనిచ్చీవోరు" అంది. ఆ గేట్లు వేసి, తీసి బతికినవాడు మా నాన్న అని ఆవిడతో చెప్పలేదు. చెబితే ఇంకా చాలా చెప్పాల్సొస్తుంది.

నేను వెళ్ళేది పరామర్శకే కాదు. పదేళ్ళ వయసులో ఈ బండిలో కూర్చుని ఒక మాట అన్నాను. ఆ మాట వల్ల ప్రాణానికి ప్రాణంగా ఉన్న ఇద్దరు మనుషులు చచ్చేదాకా మాట్లాడుకోలేదు. ఆ మాట అన్నది నేనని ఇద్దరికీ చెప్పాల్సింది. ఇద్దరూ పోయారు. ఇంక మిగిలింది మావ భార్య గార్డత్త ఒక్కతే. ఆవిడకైనా చెప్పేద్దామని బయల్దేరాను.

మా రోజుల్లో ఈ లైనుకి ఉన్నది ఒకటే బండి. ఒక నల్ల ఇంజను, మూడు పెట్టెలు, చివర గార్డు పెట్టె. పొద్దున్నే పెద్ద స్టేషన్లో బయల్దేరి కొండ కింద ఊరికి వెళ్ళేది. అక్కడ అదే ఇంజనుని రెండో కొసకి తగిలించుకుని వెనక్కి వచ్చేది. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. ఎదురొచ్చే బండి లేదు, వెనక తరుముకొచ్చే బండి లేదు. టైము కాగితం ఒకటి స్టేషను గోడకి అంటించి ఉండేది గానీ దాన్ని చదివినవాళ్ళని నేను చూడలేదు. దూరాన పొలం గట్టు మీద ఎవరైనా తువ్వాలు ఊపుతూ పరుగెత్తుకొస్తుంటే డ్రైవరు బండి ఆపేవాడు. ఎక్కినాయన రొప్పుతూనే అందరికీ క్షమాపణ చెప్పుకునేవాడు.

లైను మీద గేట్లు పదకొండు. గేటుకొక మనిషిని పెట్టేంత గొప్ప లైను కాదు మాది. అందుకని ఒక్క గేటుమేన్‌ని బండిలోనే తిప్పేవారు. గేటు ముందు బండి ఆగేది. ఆయన చివరి పెట్టెలోంచి దిగి, బండి పక్కనే కంకర మీద నడుచుకుంటూ ముందుకెళ్ళి, రెండు పక్కలా గేట్లు తోసి గొలుసు తగిలించి పచ్చజెండా చూపించేవాడు. బండి మెల్లగా రోడ్డు దాటి మళ్ళీ ఆగేది. ఆయన గేట్లు తీసి, జనాన్ని వదిలి, వచ్చి బండెక్కేవాడు. కాస్త దూరం పోయేసరికి ఇంకో గేటు. శృంగవరపుకోట నుంచి వచ్చిన మా పిన్ని మొగుడు ఒకసారి ఈ తంతు చూసి, "ఇది రైలేటి? గేటు గేటుకీ దిగి దణ్ణం పెట్టుకుంటన్నారు" అని పడీపడీ నవ్వాడు. నాన్న ఆ పూట ఆయనకి మజ్జిగ కూడా పొయ్యమనలేదు.

గార్డు మావ మాకు చుట్టం కాదు. నాన్న, ఆయన ఒకే ఏడు ఈ లైనుకి వచ్చారు, అదీ బంధుత్వం. ఒకరినొకరు "బావా" అనుకునేవాళ్ళు. దాంతో ఆయన నాకు మావ, ఆయన భార్య అత్త, నేను ఆయనకి కోడలు అయిపోయాం. ఇద్దరూ ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే కేరేజీలో సద్దన్నం ఉల్లిపాయ నంజుకుని తిని, గేటుకీ గేటుకీ మధ్య దొరికిన టైములో లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు. గేటు వచ్చేసరికి కబురు తెగేది. నాన్న దిగి, గేటు పనయ్యాక ఎక్కి, "ఆఁ, అప్పుడేటన్నాడు?" అని సరిగ్గా తెగిన చోటే అందుకునేవాడు.

ఈ లైను పుట్టుపూర్వోత్తరాలు మావ చెబితేనే వినాలి. "కొండ అవతల దేశం దాకా ఎయ్యాలని మొదలెట్టినారు కోడలా. దొరలొచ్చినారు, గుర్రాలొచ్చినాయి, కొలిసినారు. కొండ కాడికొచ్చి తలెత్తి సూసినారు. ఓలమ్మో, ఇంత ఉన్నాదేటి, అని పార అక్కడే పారీసి ఎలిపోనారు." నేను నిజమేనా అని నాన్నని అడిగితే, "ఈ ఏడు అలగ సెప్పినాడు. పోయినేడు ఏనుగులు అన్నాడు" అనేవాడు నాన్న. ఎలా అయితేనేం, లైను కొండ కిందే ఆగిపోయింది. ప్రతి ఓట్లప్పుడూ దాన్ని కొండ దాటిస్తామని ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు.

ఎండాకాలం వచ్చిందంటే ఆ బండి వాసనే వేరు. కొండ మీది నుంచి దిగినవాళ్ళు పనసకాయలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, చింతపండు బుట్టలు పెట్టెల నిండా ఎక్కించేవాళ్ళు. మనుషులకి చోటుండేది కాదు. బొగ్గు పొగ, మాగిన పనస, దారి పొడుగునా తోటల్లో రాలిన జీడిమామిడి పళ్ళ పులుపు, అన్నీ కలిసి ఒంటికి పట్టేవి. ఇంటికెళితే అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "ముందు నూతి కాడికెల్లు" అనేది.

ఇప్పుడు ఆ ఏడు సంగతి చెబుతాను.

నాన్నకి చూపు పోతోంది. అది కూడా చిత్రంగా పోతోంది. ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తుంది. పక్కనున్నది కనిపించదు. అన్నం ముందు కూర్చుంటే కంచం కనిపించేది, పక్కన పెట్టిన చెంబుని మాత్రం తన్నేసేవాడు. కంటి నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని పట్నంలో డాక్టరు చెప్పాడట. రైల్వే డాక్టరు ఎదురుగా అట్ట పెట్టి అంకెలు చదవమంటే నాన్న గడగడా చదివేసేవాడు. పక్కన ఏముందని ఆయన అడగలేదు, నాన్న చెప్పలేదు. ఇంట్లో అమ్మకీ, నాకూ, బండిలో గార్డు మావకీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మామిడికాయలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు ఏడో గేటు దగ్గర నాన్న గేటు తోసుకుంటూ వెళ్ళాడు. పక్క నుంచి వస్తున్న ఎడ్లబండి ఆయనకి కనిపించలేదు. ఇనప గేటు వెళ్ళి ఎద్దు మోకాలికి కొట్టుకుంది. ఎద్దు ముందుకి కూలింది, బండి మీది ముసలమ్మ జారి రోడ్డు మీద పడింది. ఆవిడకి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. బండివాడు నాన్నని అనరాని మాటలన్నాడు. మావ పరుగెత్తుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడి సర్దిచెప్పాడు.

ఆ సాయంత్రం మావ మా ఇంటికొచ్చాడు. అమ్మ పెట్టిన చోడి అంబలి ముట్టుకోలేదు.

"నువ్వే ఎల్లి సెప్పీరా బావా. కళ్ళు ఆనట్నేదని సెప్తే ఇంకో పనిస్తారు. ఉద్యోగం తియ్యరు" అన్నాడు.

"ఏటిస్తారు? పెద్ద స్టేషన్లో ఓ మూల బల్లేసి కూకోబెడతారు. ఈ బండి దిగిపోతే నానేటవుతాను బావా?"

"ఏటీ అవ్వవు. మడిసివే అవుతావు. ఇయ్యాల ఎద్దయింది. రేపు ఎవులి పిల్లడో అయితే?"

నాన్న తల వంచుకున్నాడు. అమ్మ తలుపు చాటున కళ్ళొత్తుకుంటోంది. చివరికి మావే ఒక దారి చెప్పాడు. నాకు బడి సెలవులు వస్తున్నాయి. సెలవులన్నాళ్ళూ నన్ను తోడు పెట్టుకోవాలి, నాన్న పక్కన నడుస్తూ కుడీ ఎడమా నేను చూసి చెప్పాలి.

"బడి తెరిసీ రోజు దాకా సూస్తాను. ఆలోగా నువ్వే ఎల్లి సెప్పీయాల. సెప్పకపోతే నాను సెప్పీస్తాను, ఏటనుకున్నా సరే" అన్నాడు.

"అంతదాకా నోరిప్పవు కదా?"

"ఇప్పను. మాటిచ్చినాను." తర్వాత నా వైపు తిరిగి, "కోడలా, నువ్వు కూడా ఎవులి కాడా అనకూడదు, తెల్సిందా?" అన్నాడు. నేను అమ్మ మీద ఒట్టు పెట్టాను.

ఇప్పుడాలోచిస్తే మావ అన్నదే ధర్మం. నాన్న ఆ పని చెయ్యకూడదు. కానీ ఆ ఎండాకాలమంత గొప్ప కాలం నా బతుకులో మళ్ళీ రాలేదు. అదీ నిజమే.

గేటు దగ్గర బండి ఆగగానే నాన్న దిగి ఎడమ చెయ్యి చాచేవాడు. నేను ఆయన చిటికెనవేలు పట్టుకుని కంకర మీద నడిచేదాన్ని. "ఎడమ పక్క సైకిలు." "కుడి పక్క మేకలు, ఆగు." "గొర్రెలాయన ఊరికే సూస్తన్నాడు, రాడు." నాన్న గేటు వేసేవాడు. చూసేవాళ్ళకి తండ్రీకూతుళ్ళ ముద్దు ముచ్చట. గేటు తీసేటప్పుడు దాని మీదెక్కి ఊగేదాన్ని, నాన్న ఏమీ అనేవాడు కాదు. రోజుకి నలభై నాలుగు సార్లు ఎక్కి దిగేవాళ్ళం. నా కాళ్ళు కంకరకి కోసుకుపోతే అమ్మ ఆముదం రాసేది, పొద్దున్నే మళ్ళీ తయారు.

మధ్యలో తీరిక దొరికితే పెట్టెలన్నీ చుట్టబెట్టేదాన్ని. మూడో పెట్టెలో తాటిముంజలమ్మే ఆవిడ నాకు రోజూ లేతది ఒకటి వలిచి పెట్టేది. పనసకాయల మీద కూర్చున్న కొండవాళ్ళతో వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడి నవ్వించేదాన్ని. పనస పిక్కలతో నిద్రపోతున్నవాళ్ళ నోట్లోకి గురిచూసేదాన్ని. ఒకసారి గార్డు మావ ఈల దాచేసి బండిని ఆపేశాను. మావ జేబులన్నీ తడుముకుని, "నీలాటి కోడలు దొరికినోడు సన్నేసుల్లో కలిసిపోతాడే" అన్నాడు. పది రోజులకే ఆ బండి నాదైపోయింది. నేను లేకపోతే అది కదలదని నా నమ్మకం. సగం నిజం కూడా.

బడి తెరవడానికి ఇంక పదిరోజులుంది. పెద్ద స్టేషన్లో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన నల్ల గొడుగు పట్టుకుని రెండో పెట్టెలో ఎక్కాడు. నేను తాటిముంజ తింటూ అటూ ఇటూ పరుగెడుతుంటే పిలిచాడు.

"ఎవరమ్మాయివి? ఒక్కదానివే తిరుగుతున్నావు. టిక్కెట్టుందా?"

ఆ మాటకి నాకు రోషం వచ్చింది. నన్ను టిక్కెట్టు అడిగేవాడు ఆ లైన్లో పుట్టలేదు. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఎవరో, "గుంట దొరికిపోనాది" అన్నారు.

"నాకు టిక్కెట్టెందుకు? నేను పనిమీదున్నాను" అన్నాను.

"అబ్బో. ఏం పని?"

"గేటు పని. నేను లేకపోతే ఈ బండి గేటు దాటదు."

ఆయన నవ్వాడు. మంచి నవ్వే. "నువ్వేం చేస్తావు గేటు దగ్గర?"

"పక్కలు చూస్తాను. మా నాన్నకి పక్కలు కనబడవు కదా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది. "నిజమే, చాలా పెద్ద పని" అని, తన పక్కన జాగా చూపించి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. బండి ఆగింది. నాలుగో గేటు. నేను లేవబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు.

"ఈ ఒక్క గేటూ మీ నాన్నని చెయ్యనీ. మనం ఇక్కడి నుంచి చూద్దాం" అన్నాడు.

కిటికీలోంచి చూశాను. నాన్న దిగాడు. ఎడమ చెయ్యి చాచి నిలబడ్డాడు. కాసేపు చూసి, "గుంటా!" అని పిలిచాడు. "ఓలే గుంటా!" చెయ్యి అలాగే ఉంది. తర్వాత ఒక్కడే పెట్టెల్ని తడుముకుంటూ నా కిటికీ కింద నుంచే ముందుకి నడిచాడు. తలెత్తలేదు. ఎత్తినా నేను కనిపించను, పక్కనున్నాను కదా. గేటు దాకా వెళ్ళి గేటు మీద చెయ్యేసి ఆగిపోయాడు. ఎద్దు కూలిన తర్వాత ఆయన ఒక్కడూ గేటు తొయ్యడం మానేశాడు. ఎడమ పక్క నుంచి గడ్డిమోపులెత్తుకుని నలుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. నాన్న సూటిగా ముందుకి చూస్తూ, "ఎవులైనా ఉన్నారేటి? ఆగండమ్మా, ఆగండి" అని ఖాళీ రోడ్డుకి చెబుతున్నాడు. ఇంజను ఆవిరి వదులుతోంది. బండి అంతా చూస్తోంది. అరుద్దామనుకున్నాను. అరవలేదు.

చివరికి గార్డు మావ దిగి పరుగెత్తుకెళ్ళి తనే గేట్లు వేశాడు. నాన్న భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. అప్పుడు గొడుగాయన నా చెయ్యి వదిలి బండి దిగాడు. మావ దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడాడు. మావ ఒక్కసారి తిరిగి పెట్టెల వైపు చూశాడు. నేను సీటు కిందికి జారిపోయాను.

"ఎక్కడికెళ్ళిపోనావే?" అన్నాడు నాన్న, తర్వాతి గేటు దగ్గర.

"నిద్రపట్టేసింది నాన్నా" అన్నాను.

"పోన్లే. అలిసిపోనావు" అన్నాడు. వేలు పట్టుకోమని చెయ్యి చాచాడు.

ఆ గొడుగాయన రైల్వే ఆఫీసరట. మర్నాడే నాన్నని బండి ఎక్కొద్దన్నారు. పరీక్షలకి పంపించారు. కుడి పక్క ఏముంది, ఎడమ పక్క ఏముంది అని ఈసారి అడిగారు. అనుకున్నట్టే అయింది. ఉద్యోగం తియ్యలేదు. పెద్ద స్టేషన్ మేడ మీద ఆఫీసు బయట బల్ల వేసి కూర్చోబెట్టారు. కాగితాలు ఒక గదిలోంచి ఇంకో గదికి ఇవ్వాలి. నిజం చెప్పాలంటే దయతోనే చేశారు. నాన్నకి ఆ దయ అక్కర్లేదు.

ఆఫీసులో చేరిన రోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద మా బండి నిలబడి ఉంది. మావ పెట్టె దిగి మాకు ఎదురొచ్చాడు. నాన్న ఆగాడు.

"బడి తెరవడానికి ఇంకా రోజులున్నాది బావా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అన్నాడు. "నాను ఎల్లి సెప్పీవోణ్ణే. నువ్వు మాటిచ్చినావు."

మావ నా వైపు చూశాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చూపు ఎంతసేపుందో నాకు తెలియదు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అని లోపల కొట్టుకుంటోంది. చెప్పలేదు.

"అవును బావా. మాట తప్పినాను" అన్నాడు మావ.

నాకు ఆ క్షణాన ఏమనిపించిందో దాచుకోకుండా చెబుతాను. హమ్మయ్య అనిపించింది. మావ కూడా ఎవరితోనో చెప్పే ఉంటాడు, లేకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉంది. ఆ హాయితోనే పెద్దదాన్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను.

నాన్న మళ్ళీ ఆ బండెక్కలేదు. ఆఫీసు బల్ల మీద కూర్చుని, బండి బయల్దేరిన కూత వినబడగానే లోపల లెక్క మొదలెట్టేవాడు. నేను మధ్యాహ్నం కేరేజీ పట్టుకెళ్ళినప్పుడు, "ఇప్పుడు నాలుగో గేటు. గడ్డిమోపులోళ్ళు వస్తుంటారు" అనేవాడు. కొన్నాళ్ళకి పక్కలే కాదు, ఎదర కూడా మూసుకుపోయింది. అప్పుడు కూడా గేట్లు మాత్రం తప్పకుండా చెప్పేవాడు. బావ పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. మనం ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

ప్రతి ఎండాకాలం మావ ఎవరో ఒకరి చేత పనసపండు పంపించేవాడు. ఇంటినిండా వాసన. "ఎవులు పంపినారు?" అనేవాడు నాన్న. అమ్మ మాట్లాడేది కాదు. ఆ మౌనంతోనే ఆయనకి తెలిసిపోయేది. "స్టేషన్ ఊడ్చీ ఆవిడికి ఇచ్చీయండి" అనేవాడు. ఇచ్చేసేవాళ్ళం. ఒక్క తొనైనా తినలేదు ఆయన. నేను మాత్రం ఇచ్చొచ్చేటప్పుడు దారిలో రెండు తినేదాన్ని.

నా పెళ్ళికి అమ్మ చాటుగా కబురు పెట్టింది. మావ వచ్చాడు. నాన్నకి అప్పటికి చీకటి తప్ప ఏమీ లేదు, మనుషుల్ని గొంతుతోనే గుర్తుపట్టేవాడు. అందుకని మావ ఆ పెళ్ళిలో ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. బంతిలో నాన్నకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. వడ్డించేవాళ్ళు ఇంకా కావాలా అంటే చేత్తోనే వద్దన్నాడు. నాన్న ఏదో పాత కబురు చెబుతుంటే అందరూ నవ్వారు, మావ తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత పీటల దగ్గరికొచ్చి నా తలమీద అక్షింతలేశాడు. వేసి వెంటనే వెళ్ళలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను తలొంచుకున్నాను. పెళ్ళికూతురు తలొంచుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు కదా.

నాన్న పోయినప్పుడు కూడా వచ్చాడు. పాడె ఎత్తేటప్పుడు ఎవరినో పక్కకి నెట్టి తన భుజం పెట్టాడు. అప్పటికే ముసలివాడు, కాళ్ళు తడబడుతున్నాయి. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "బాగున్నావా కోడలా?" అన్నాడు. "బాగున్నాను మావా" అన్నాను. అంతే.

ఇవాళ కొండ కింద స్టేషన్లో దిగి ఆటోలో మావ ఇంటికి వెళ్ళాను. ఫొటోకి దండ వేశారు. అత్త వసారాలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా తల్లీ" అని చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. వాళ్ళమ్మాయి మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని గబగబా చెప్పేశాను. గొడుగాయన సంగతి, నా పొగరు, నాన్నతో ఆడిన అబద్ధం, అన్నీ. "మావ మాట తప్పలేదత్తా. నేను తప్పాను" అన్నాను.

అత్త నా చెయ్యి వదల్లేదు.

"తెల్సమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ గొడుగాయనే సెప్పినాడు కదా మీ మావకి. గేటు కాడే సెప్పినాడు. నీ గేటుమేన్ కూతురు గట్టిదయ్యా, నేను నేకపోతే బండి దాటదన్నాది, అని నవ్వినాడట. ఆ పొద్దే ఇంటికొచ్చి సెప్పినాడు నాకు."

"మరి నాన్నకెందుకు చెప్పలేదత్తా? ఎందుకు తప్పంతా నెత్తినేసుకున్నాడు?"

"నానూ అలగే తిట్టినాను. ఏటన్నాడో తెల్సా? గుడ్డోడైపోతన్న మడిసే, ఆడికి నడవడానికి సెయ్యి కావాల. గుంట మీద మనసు ఇరిగిపోతే ఆడు ఎవులి సెయ్యట్టుకుంటాడు? నా సెయ్యి నేకపోయినా నడుస్తాడు. గుంట సెయ్యి ఉండాల, అన్నాడు."

లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"పెద్దయ్యాకైనా నన్ను అడిగుండాల్సింది" అన్నాను. నిజానికి అడగలేదని కోపం వచ్చింది నాకు. సిగ్గులేని కోపం.

"అడగడమేటమ్మా. ఎదురు సూసినాడు. ఏటేటా పనసపండు పంపినప్పుడు, ఈ ఏడు గుంట నోరిప్పుతాది సూడు, అనీవోడు. నీ పెళ్ళికొచ్చి తిరిగొచ్చి ఆ పూట అన్నం తిన్నేదు. సెప్పనేదే, అన్నాడు. పిల్లకి ఇంకా బయ్యం పోనేదు, ఇంకోపాలి సెప్తాది, అని తనే సమాదానం సెప్పుకున్నాడు. మీ నాయనని సాగనంపొచ్చి తానం సేసి ఇక్కడే కూకున్నాడు. ఇంక సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే, అన్నాడు. ఆ తరవాత నీ ఊసెత్తనేదు."

అత్త లేచి నాకు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను చాప మీదే కూర్చున్నాను. మావ నోరు మూసుకున్నది నా కోసం. నేను నోరు మూసుకున్నదీ నా కోసమే. నాన్న మాత్రం, బావ మాట తప్పాడనే అనుకుంటూ పోయాడు.